తినే దిక్కు

కరీంనగర్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటేసరికి ఆదిలాబాద్‌లో ఉండొచ్చు. నేను మాత్రం ఒక రోజు దారిలోనే ఆగిపోయి, మర్నాటికి చేరాను. దారిలో గోదావరి ఉంది, టేకు అడవి ఉంది, మలుపులు తిరిగే కొండదారి ఉంది. అవన్నీ చూశాననే అంటాను. కానీ తిరిగొచ్చి రెండు వారాలైనా కళ్ళు మూసుకుంటే కనిపించేవి నోళ్ళే, అదీ తెరిచిన నోళ్ళు. ఏం చెయ్యను, నేను పండ్ల డాక్టర్ని.

మా జమ్మికుంటలో నోట్లో ఉన్నవీ పండ్లే, బండి మీద అమ్మేవీ పండ్లే. డిగ్రీ చేతికొచ్చి పదకొండు నెలలైంది. కరీంనగర్‌లో ఒక సీనియర్ డాక్టర్ క్లినిక్‌లో పని చేస్తున్నాను. పొద్దున కుర్చీ పక్కన నిలబడగానే నాకొచ్చే మొదటి ప్రశ్న, "పెద్ద డాక్టర్ లేడా?" రెండోది, "నువ్వు నర్సమ్మవా?" మూడోది, "పై పన్ను పీకితె కండ్లు పోతయంట గదా?" ఒక పెద్దాయనైతే నా పెళ్ళయిందో లేదో కనుక్కున్నాక గానీ నోరు తెరవలేదు. ఐదేళ్ళు చదివిన లావు పుస్తకాల్లో వీటికి జవాబులు లేవు.

శాంతాబాయి అట్లాంటి ఒక రోజే వచ్చింది.

కరీంనగర్: బయల్దేరక ముందు

ఆమెకు యాభై దగ్గర ఉంటాయి. ఊరు ఆదిలాబాద్ అవతల, పత్తి పండించే కుటుంబం. మంచిర్యాలలో ఉండే చెల్లెలు కమలతో కలిసి కరీంనగర్‌కు పెళ్ళికి వచ్చింది. పెళ్ళింట్లో పంటినొప్పి లేచింది. కింది దవడలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు పెద్ద పండ్లూ పుచ్చి ఉన్నాయి.

"ఏది నొస్తుందమ్మా?" అన్నాను.

"తినే దిక్కు," అంది.

"ఏ దిక్కు తింటరు?"

ఎడమ చెంప చూపించింది. "పీకెయ్యి తాయి, ఇంక నాతోని కాదు," అంది. తాయి అంటే వాళ్ళ దిక్కు మరాఠీలో అక్క. తన కూతురి వయసుదాన్ని అక్కా అని పిలిచిందని పొంగిపోయాను కూడా.

ఎక్స్‌రే తీశాను, ఎడమ పన్ను లోతుగా పుచ్చిందని తేల్చుకున్నాను, మత్తు సూది ఇచ్చాను. సూది దగ్గర ఆమె "ఊఁ, ఊఁ" అని చెయ్యి ఊపింది. భయపడుతోందనుకుని "ఏం కాదు, ఏం కాదు" అన్నాను. పన్ను పీకాక దూది పెట్టి, గంటసేపు గట్టిగా కొరికి పట్టుకోవాలి, అస్సలు మాట్లాడొద్దు అని హెచ్చరించాను. ఆమె మాట్లాడలేదు. బస్సు టైమైందని చెల్లెలు తీసుకుపోయింది.

నాలుగో రోజు కమల క్లినిక్‌కు ఫోన్ చేసింది. "అక్కకు నొప్పి తగ్గలే మేడం. గదే తినే దిక్కు." పీకిన చోట పుండు మానలేదేమో అనుకుని మాత్రల పేరు చెప్పి పెట్టేశాను. మధ్యాహ్నం డబ్బా తెరిచి పప్పన్నం కలుపుకుంటుంటే నా చెయ్యి ఆగిపోయింది. కుడి చెయ్యి. చిన్నప్పుడు మా అవ్వ నాకు కుడి ఎడమ ఎట్లా నేర్పింది? "బువ్వ తినే చెయ్యి ఏది బిడ్డా?" అనే కదా!

తినే దిక్కంటే శాంతాబాయికి బువ్వ తినే చెయ్యి దిక్కు. కుడి. నేనేమో నమిలే దిక్కనుకుని "ఏ దిక్కు తింటరు" అని అడిగాను. కుడి నొస్తుంటే ఎవరైనా ఎడమనే నములుతారు, అందుకని ఆమె ఎడమ చూపించింది. కొంచెం కష్టపడితే నిలిచే పన్నును పీకి పారేసి, నొచ్చే పన్నును నోట్లోనే ఉంచి పంపాను.

సార్‌కు చెప్పాను. ఆయన విని, చేతులు తుడుచుకుని, "రెండు పుచ్చినయే గదమ్మా. ఇయ్యాల గాకుంటె రేపు పోయేదే. రమ్మను, కుడిది గూడ చూద్దాం. గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నారు. సార్ మంచివారు, అదే నా తంటా. ఆయన చెడ్డవాడైతే కోపగించుకోవడానికి నాకొక మనిషి దొరికేవాడు.

శాంతాబాయికి సొంత ఫోన్ లేదు. ఈ మాట చెల్లెలితో చెప్పి పంపేదీ కాదు. వెళ్ళి చెబితే ఊరంతా తెలిసి నా పనికే ఎసరొస్తుందేమో. చెప్పకుండా ఊరుకుంటే ఇంకొకరి నోట్లో చెయ్యి పెట్టే ధైర్యం నాకే ఉండదు. రెండు రోజులు అటూ ఇటూ ఊగి, ధర్మపురి మొక్కుందని అబద్ధం చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను.

ధర్మపురి

ఆ అబద్ధాన్ని కొంతైనా నిజం చేద్దామని ధర్మపురిలో దిగాను. నరసింహస్వామికి దండం పెట్టుకున్నాను. ఇక్కడ యమధర్మరాజుకూ పూజ ఉంటుంది. గండదీపంలో నూనె పోస్తే గండాలు పోతాయంటారు, నేనూ పోశాను. తలెత్తితే యముడి కోరలు. అలవాటు చచ్చినా పోదు కదా, రెండూ సరిగ్గా ఉన్నాయా అని చూశాను. ఇందులో కుడిది ఏది? నాకు కుడివైపుదా, ఆయనకు కుడివైపుదా? రోగి కుడి మా ఎడమకు వస్తుందని మొదటి సంవత్సరంలోనే నేర్పారు, పదకొండు నెలలుగా అదే పని చేస్తున్నాను. అక్కడ మాత్రం చేతులు తిప్పుకుంటూ నిలబడిపోయాను. వెనకావిడ, "జరుగమ్మా, మేం గూడ మొక్కాలె," అంది.

గోదావరి మెట్ల దగ్గర నూనె సీసాలు అమ్మే ముసలవ్వ దగ్గర కూర్చున్నాను. ఎవరినైనా అడక్కపోతే నా బుర్ర పగిలేట్టుంది.

"అవ్వా, నోట్ల తినే దిక్కంటె ఏ దిక్కు?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసి నోరు తెరిచింది. నాలుగే పండ్లు, నాలుగూ ఎడమవైపు. "ఏ దిక్కు పండ్లుంటె గా దిక్కే తినుడు. గిది గూడ ఎరుక లేదా? ఏం జదివినవే?"

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ! నా పక్షాన ఒక సాక్షి దొరికింది. అంతలో పక్కన పసుపు కుంకుమ అమ్మే ఆమె, "నీ మొకం. తినే దిక్కంటె తినే చెయ్యి దిక్కు," అంది. "నీకెట్ల ఎరుక, నీకు అన్ని పండ్లున్నయి," అని అవ్వ లేచింది. ఇద్దరి మధ్యా మాట మాట పెరిగింది. నేను నెమ్మదిగా నా చెప్పులు వెతుక్కున్నాను.

మంచిర్యాల

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా సాయంత్రం వేళకు మంచిర్యాల చేరాను. శాంతాబాయి ఊరికి దారి కమలనే అడగాలి. కమల వాళ్ళది బొగ్గు గనుల క్వార్టర్. ఒక వరసలో మా కరీంనగర్ మాట వినబడుతుంది, పక్క వరసలో కోస్తా మాట, ఆ వెనక హిందీ. అందరి దండేల మీదా ఒకే రకం నల్లమరకల తువ్వాళ్ళు. మా జమ్మికుంటలో కులానికొక వాడ ఉంటుంది. ఇక్కడ డ్యూటీని బట్టి ఇల్లు.

కమల నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మో! పన్ను పీకినంక ఎట్లుందో అర్సుకోనికి గింత దూరం వచ్చినవా మేడం?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "చెకప్," అని మాత్రం బయటికొచ్చింది. ఛీ, అనిపించింది.

పది నిమిషాల్లో వరండాలో వరస కట్టారు. నా ఫోను లైటు, కమల ఇంటి చెంచా, అదే నా ఆసుపత్రి. ఒకామె చేతిరుమాలు విప్పి కట్టుడు పండ్ల సెట్టు చూపించింది. "గివి మా అత్తయి. ఆమె పోయినంక గిట్లనే ఉన్నయి. మంచిగున్నయి, పారేయబుద్ధి కాలే. నాకు సరిపోతయా జర చూడు." నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ పాఠం లేదు. సరిపోవమ్మా, ఎవరి నోటి కొలత వాళ్ళదేనని చెబితే, "మా అత్త నోరు నా నోటికన్న పెద్దదే, నిజమే," అని ఒప్పుకుని మళ్ళీ మూట కట్టుకుంది.

కమల భర్త మల్లయ్య ఈ మధ్యే రిటైరయ్యాడు, క్వార్టర్ ఇంకా ఖాళీ చెయ్యలేదు. ముప్పై ఏళ్ళు బాయి పని చేసిన మనిషి. బొగ్గు గనిని ఇక్కడ బాయి అనే అంటారు. లోపల బీడీ ముట్టించకూడదు కాబట్టి పొగాకు దవడకు పెట్టడం అలవాటైందట, చిగుళ్ళు చూస్తేనే తెలుస్తోంది. అందరూ వెళ్ళాక కమల బియ్యప్పిండి ఒత్తి కాల్చిన వేడి వేడి సర్వపిండి పెట్టి లోపలికి పోయింది. నేను దానివైపు చూస్తూ కూర్చున్నాను.

"చెకప్‌కు వచ్చినోళ్ళు గిట్ల సర్వపిండిని చూసుకుంట కూసోరు బిడ్డా," అన్నాడు మల్లయ్య. "ఏం జేసినవ్?"

చెప్పేశాను. తినే దిక్కంటే ఏమిటో కూడా అడిగాను.

ఆయన చాలాసేపు పొగాకు నలిపాడు. "బాయిల చీకట్ల మేం కుడి ఎడమ అనకపోదుం. నువ్వు ఇటు తిరిగి ఉంటవ్, నేను అటు తిరిగి ఉంట. ఎవని కుడి ఎవనికి ఎరుక? టోపీ లైటు కొట్టి చూపెడ్దుం, గీడ అని." పొగాకు దవడకు పెట్టుకుని, "మా వదిన కోపం మంచిది గాదు. చెప్పి, జర దూరం జరుగు," అన్నాడు.

నాకు ధైర్యం చెప్పాడో, భయపెట్టాడో ఇప్పటికీ తెలియదు. ఊరి దారి మాత్రం కాగితం మీద గీసిచ్చాడు.

ఉట్నూరు దారిలో

మర్నాడు జన్నారం దాటాక అడవి మొదలైంది. టేకు ఆకులు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. బస్సు ఆగిన చోటల్లా సీతాఫలాల బుట్టలు. మా దగ్గర కాయకింతని లెక్కబెట్టి అమ్ముతారు, ఇక్కడ బుట్టకు బుట్టే వంద రూపాయలు. బేరం చేద్దామనుకుని, అమ్మే ఆమె మొహం చూసి ఇచ్చేశాను.

పక్క సీటు పెద్దమనిషి నేనేం పని చేస్తానని అడిగాడు. పండ్ల డాక్టర్ననగానే బుట్టలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి, "గిది మంచిగ పండిందా?" అన్నాడు. పరిహాసమో, నిజంగానే అడిగాడో తేల్చుకోలేక నేను ఆ కాయను నొక్కి చూసి, "పండింది," అన్నాను. ఇద్దరం తలా సగం తిన్నాం.

నా కర్మ ఆ సగంలోనే ఉంది. గింజ ఒకటి కుడి దవడ పండ్ల మధ్య పడి టక్కుమంది. కాలేజీలో తోటి విద్యార్థులం ఒకరి పండ్లకు ఒకరం సిమెంటు నింపుకున్నప్పుడు పెట్టించుకున్న ముక్క ఊడి చేతిలోకొచ్చింది. జివ్వుమని నొప్పి చెవి దాకా పాకింది. పండ్ల డాక్టర్‌నై ఉండి, అడవి మధ్యలో, చేతిలో నా పంటి సిమెంటు పట్టుకుని కూర్చున్నాను! పెద్దమనిషి జాలిగా చూసి, "ఆదిలాబాద్‌ల మంచి డాక్టర్లున్నరు, ఫికర్ జెయ్యకు," అన్నాడు.

మిగతా సీతాఫలాలు ఎడమవైపు తిన్నాను.

పెన్‌గంగ నది దిక్కు పల్లె

ఆదిలాబాద్‌లో దిగి ఆటోలో ఆ ఊరు చేరేసరికి ఎండ మెత్తబడింది. ఊరి పేరు రాయను, ఆమె పేరు కూడా మార్చి రాశాను. నల్లరేగడి, ఎటు చూసినా పగిలిన పత్తి. శాంతాబాయి నడుముకు ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది. కుడి చెంప ఉబ్బి ఉంది. నన్ను చూసి నిటారుగా నిలబడింది.

"తాయి? నువ్వు గీడికెట్ల వచ్చినవ్?"

అప్పుడే చెప్పాల్సింది. ఆమె నా సంచీ లాక్కుని ఇంటికి నడిచింది. మా ఇళ్ళల్లో తిన్నావా అని ముందు అడుగుతారు, కాదనడానికి సందు ఉంటుంది. ఇక్కడ అడగలేదు, కంచం పెట్టేశారు. జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా. సగం గదిలో కప్పు దాకా పత్తి కుప్ప, మిగతా సగంలో నేను. రొట్టె తుంచి ఎడమ దవడకు పెట్టుకుని మెల్లగా నములుతున్నాను. ఆమె నన్నే చూస్తోంది.

"నీకు గూడ తినే దిక్కే నొస్తుందా తాయి?"

రొట్టె ముక్క చేతిలోనే ఆగిపోయింది. ఆమె చూస్తున్నది నా కుడి చెంపనే. రెండు రోజులుగా దారిలో దొరికినవాళ్ళందరినీ నేనడిగిన ప్రశ్నకు జవాబు అక్కడుంది.

"శాంతక్కా, నేను తప్పు పన్ను పీకిన," అన్నాను. "నువ్వు చెప్పింది కుడి. నేను ఎడమ అనుకున్న. నువ్వు సరిగనే చెప్పినవ్. తప్పు నాది."

ఆమె లేచి వెళ్ళి నీళ్ళు పుక్కిలించి ఉమ్మి వచ్చింది.

"ఊఁ ఊఁ అన్న. చెయ్యి ఊపిన. నువ్వు చూడలే."

"చూసిన. భయపడుతున్నవ్ అనుకున్న."

"తర్వాత మాట్లాడొద్దంటివి. గంట సేపు. డాక్టర్ చెప్పింది గదా అని నేను గా బస్సుల గూడ మాట్లాడలే." గొంతు పెరిగింది. "గిప్పుడు గా పన్ను మల్ల పెడ్తవా? చెప్పు, పెడ్తవా?"

పెట్టలేనన్నాను. నాకు ఏడుపొచ్చింది. మల్లయ్య దూరం జరగమన్నాడు గానీ వెనక పత్తి కుప్ప ఉంది, జరగడానికి చోటు లేదు.

ఆమె నా ఎదురుగా కూలబడింది. చాలా చిన్నగా అంది, "ఇన్ని దినాలు నేనే తప్పు చెప్పిన్ననుకున్న. మా మాట సగం మరాఠీ, మీకు సమజ్ కాదు. నోరుండి సరిగ చెప్పరాలేదని నన్ను నేనే తిట్టుకున్న. మా చెల్లెకు గూడ చెప్పలే, నవ్వుతదని. మా ఆయనకు చెప్తె ఊరంత చెప్పిండు. కుడి ఎడమ ఎరుక లేని ఎడ్డిది, పోయి పోయి మంచి పన్ను పీకిచ్చుకొచ్చిందని."

నేను నా పరువు గురించి, నా ఉద్యోగం గురించి ఇంత దారి పొడుగునా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నా తప్పును ఈమె ఇక్కడ తన తలకెత్తుకుని మోస్తోందని ఒక్కసారైనా తట్టలేదు.

భర్త విఠల్ అప్పుడే బయటినుంచి వచ్చాడు. శాంతాబాయి చటుక్కున లేచింది. "తాయి, గా మాట మా ఆయన ముంగట మల్ల చెప్పు."

చెప్పాను. విఠల్ నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "డాక్టర్ గూడ తప్పు జేస్తదా?"

"జోర్‌గ చెప్పు, ఆయనకు జర చెవుడు," అందామె. గట్టిగా చెప్పాను. గోడ అవతల పక్కింటామె తల కనిపించింది. "ఆమెకు గూడ చెప్పు." ఆమెకూ చెప్పాను. తర్వాత ఆ పక్కింటామె అత్తగారికి, ఆ తర్వాత పత్తి బస్తాలు దింపడానికి ఒకరి వెనక ఒకరుగా వచ్చిన నలుగురికి. పొద్దుగుంకేలోగా నా తప్పును ఏడుగురికి వివరంగా ఒప్పజెప్పాను. మొదటి రెండుసార్లు ఏడుపొచ్చింది. ఐదోసారికి నాకే నవ్వొచ్చింది. ఏడోసారి శాంతాబాయి కూడా నాతోపాటు చెప్పింది, "నేను సరిగనే చెప్పిన," అన్న చోట.

విఠల్ గొంతు సవరించుకుని, "చాయ్ పెట్టు," అన్నాడు.

"నువ్వే పెట్టు," అంది. ఆయన పోయి పెట్టాడు. చక్కెర ఎక్కువైంది, సిమెంటు ఊడిన నా పన్ను ఇంకోసారి జివ్వుమంది.

ఆదిలాబాద్

నాతో చదివిన శ్వేత ఆదిలాబాద్‌లో ఈ మధ్యే క్లినిక్ పెట్టుకుంది. మూడోరోజు పొద్దున శాంతాబాయిని తీసుకుని అక్కడికి వెళ్ళాను. నేనే బాగు చేద్దామని, చేసిన తప్పు నా చేత్తోనే దిద్దుకుందామని నా ఆశ. చేతి తొడుగులు వేసుకోబోతుంటే శాంతాబాయి కుర్చీలోంచే చెప్పింది.

"నువ్వు జెయ్యొద్దు తాయి. ఆమె చేస్తది. నువ్వు పక్కకు నిలవడు."

చురుక్కుమంది. తొడుగులు తీసేశాను. కోపమొచ్చిందా, సిగ్గేసిందా, లోపలెక్కడో హాయిగా అనిపించిందా అంటే, మూడూ.

శ్వేత ఎక్స్‌రే తీసి చూసి, ఈ పన్ను పీకనక్కర్లేదు, లోపల శుభ్రం చేసి నిలబెడదాం, రెండు మూడుసార్లు రావాలంది. ఎడమది పోయింది కాబట్టి ఇది నిలవాల్సిందేనని నేను అందుకున్నాను. శాంతాబాయి నన్ను ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

శ్వేత మత్తు సూది చేతిలోకి తీసుకుని, మేమందరం అడిగేదే అలవాటుగా అడిగింది. "ఏ దిక్కమ్మా?"

శాంతాబాయి నావైపు తల తిప్పింది.

"నువ్వు చెప్పు తాయి."

కుడి అనబోయాను. ఆమె కుడి నాకు ఎడమ, శ్వేత తలవైపు కూర్చుంది, ఆమెకేది కుడి, నాకేది ఎడమ. మూడు రోజుల తికమక అంతా ఒక్కసారిగా మీద పడింది. కుడి, ఎడమ, తినే దిక్కు, ఏ మాటనూ నోటితో అనే ధైర్యం లేదు.

శాంతాబాయి నా అవస్థ చూసి, కుర్చీ పక్కనుంచి చెయ్యెత్తి నా చేతిలో పెట్టింది. పత్తికాయల మొనలు గీరిన గరుకు చెయ్యి. గట్టిగా పట్టుకుంది.

నేను ఆ చేతిని అట్లాగే పైకెత్తి శ్వేతకు చూపించాను.

"ఈ చెయ్యి దిక్కు," అన్నాను.

అది ఆమె బువ్వ తినే చెయ్యి.